మా గోడ మీద గంగజాతర బొమ్మ వేయిస్తే కార్పొరేషన్ వాళ్లు చెరిపేస్తారా?

ప్రశ్న: తిరుపతి కొర్లగుంటలో మాది మూడంతస్తుల ఇల్లు. కింద మేముంటాం, పై వాటాలు బాడుగకిచ్చాం. ఇల్లు నా పేరున, మా మరిది పేరున ఉమ్మడిగా ఉంది. పడమటి పక్క గోడకు కిటికీలు లేవు. రోడ్డు మలుపు తిరగ్గానే ముందు కనబడేది ఆ గోడే. కొలిపిస్తే ఎత్తు 32 అడుగులు, వెడల్పు 24 అడుగులు వచ్చింది. మా అక్క కొడుకు శ్రీ వేంకటేశ్వర సంప్రదాయ శిల్పకళా సంస్థలో కలంకారీ నేర్చుకున్నాడు. ‘పిన్నీ, ఈ గోడ నాకియ్యి, గంగజాతర వేషాలన్నీ వేసి చూపిస్తా’ అంటున్నాడు. నాకూ ఆశగానే ఉంది. మాకు తెలిసిన రంగుల కొట్టాయన రంగులన్నీ ఊరికే ఇస్తానన్నాడు. బొమ్మ కింద మూలన కంపెనీ గుర్తు, తన షాపు ఫోన్ నంబరు వేస్తే చాలంట. వార్డు సచివాలయంలో అడిగితే ఒకాయన ప్లాన్ పర్మిషన్ కావాలన్నాడు, ఇంకొకాయన ప్రకటన ఫీజు కట్టాలన్నాడు, మూడో ఆయన ‘మీ గోడ మీ ఇష్టం, వెళ్లండమ్మా’ అన్నాడు. ఎదురింటి పెద్దాయనేమో అమ్మవారిని వీధి గోడ మీద వేయడం అపచారమంటున్నాడు. నిరుడు మా వీధి చివర గోడ మీద బడిపిల్లలు వేసిన బొమ్మలకు, ఎవరో పెద్దమనిషి వస్తున్నాడని రాత్రికి రాత్రే సున్నం కొట్టేశారు. మాదీ అట్లే చేస్తే ఎట్ల? నన్నేం చేయమంటారు? (పేరు రాయవద్దన్నారు.)

సమాధానం: అమ్మా, బొమ్మ వేయించండి. రంగుల కొట్టాయన ఇస్తానన్న ఉచిత రంగులు మాత్రం పుచ్చుకోకండి. మీరు నాలుగైదు సంగతులు అడిగారు గానీ చిక్కంతా ఆ ఒక్కదానిలోనే ఉంది. అందుకే ముందే చెప్పేశాను.

సచివాలయంలో ముగ్గురు మూడు మాటలు చెప్పారని నొచ్చుకున్నారు. వాళ్లను తప్పుపట్టలేం. మునిసిపల్ ఆఫీసుల్లో, టౌన్ ప్లానింగ్ సెక్షన్లో నేను ఇరవై ఎనిమిదేళ్లు పనిచేశాను. గోడ మీద బొమ్మ అన్న పేరుతో ఒక్క ఫైలు తెరిచిన గుర్తు లేదు. ఇల్లు కట్టడానికి ఫారం ఉంది, బోర్డు పెట్టడానికి ఫారం ఉంది, కుళాయి కనెక్షనుకు ఉంది. బొమ్మకు లేదు. ఫారం లేని పని మీద మనిషి వస్తే, సీట్లో ఉన్న ఉద్యోగి తనకు తెలిసిన ఫారాల్లోకి దాన్ని ఇరికించాలని చూస్తాడు. ప్లాన్లు చూసే ఆయన ప్లాన్ అన్నాడు, ఫీజులు చూసే ఆయన ఫీజు అన్నాడు. మూడో ఆయనకు ఏ ఫారమూ తట్టలేదు, మిమ్మల్ని ఇంటికి పంపాడు.

ఇప్పుడు ఒక్కొక్క మాటా చూద్దాం. ప్లాన్ పర్మిషన్ సంగతి తేలిక. మన రాష్ట్రంలో ఇళ్ల కట్టుబడిని చూసేవి 2017 నాటి భవన నిర్మాణ నిబంధనలు. రోడ్డు నుంచి ఎన్ని అడుగులు వదిలారు, ఎన్ని అంతస్తులు లేపారు, వాన నీటి గుంత తవ్వారా లేదా, ఇవీ వాటి పట్టింపులు. ఉన్న గోడకు సున్నం కొట్టినా, రంగు పూసినా, ఆ రంగులోనే జాతర బైరాగి వేషం నిలబడినా కట్టుబడి మారదు. ఒక్క జాగ్రత్త చెబుతాను. మీ అబ్బాయి ఉత్సాహంలో వేషాల కిరీటాలు సిమెంటుతో ఉబ్బెత్తుగా చేస్తాననో, ఇనుప ఫ్రేము దించి లైట్లు పెడతాననో అంటే ఒప్పుకోకండి. గోడ దాటి బయటికి వచ్చింది ఏదైనా సరే నిర్మాణం లెక్కలోకి వస్తుంది, అప్పుడు ప్లాన్ అడిగిన ఆయనదే రైటవుతుంది. రంగు రంగుగానే ఉండాలి.

ప్రకటన ఫీజు అన్న మాట మాత్రం అంత తేలిగ్గా కొట్టేయలేం. తిరుపతి 2007లో కార్పొరేషన్ అయింది. మన కార్పొరేషన్లు నడిచే చట్టానికి మూలం 1955 నాటి హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం. అందులో ప్రకటనలకు ప్రత్యేకంగా చోటుంది. వీధిలోకి కనబడేలా ప్రకటన పెట్టాలంటే, అది బోర్డయినా గోడ మీద రాతయినా, కమిషనర్ రాతపూర్వక అనుమతి కావాలి. గోడ ఎవరిదన్నది అక్కడ ప్రశ్న కాదు. మీ సొంత గోడ మీద మీరే వేరొకరి సరుకు గురించి రాయించినా అది ప్రకటనే. అందువల్ల తేల్చుకోవలసింది ఒక్కటే: గోడ మీద ఉన్నది దేన్నైనా అమ్ముతోందా?

గంగజాతర వేషాలు ఏమీ అమ్మవు. వాటి కింద ఒక కంపెనీ గుర్తు, పక్కన పది అంకెల ఫోన్ నంబరు వచ్చి చేరిన క్షణం నుంచి ఆ గోడ అమ్మడం మొదలుపెడుతుంది. గుర్తు చిన్నదే కదా, మూడడుగుల పొడవు రెండడుగుల ఎత్తు, అంటారు కొట్టాయన. టేపు పట్టుకుని వచ్చే మనిషి కొలిచేది ఆ ఆరు చదరపు అడుగులే అని మీకు ఎవరు హామీ ఇస్తారు? బొమ్మంతా ఆ ప్రకటన కోసమే వేశారని ఆయన రాస్తే 32 ఇంటూ 24, మొత్తం 768 చదరపు అడుగులవుతుంది. కొలతలు రాసుకుని ఫీజు లెక్క కట్టే సెక్షన్లో కూర్చున్నవాణ్ణి చెబుతున్నాను, అట్లా రాయడం కష్టం కాదు. తర్వాత మీరు కాళ్లరిగేలా తిరిగి కాదనిపించుకోవాలి. అంతదాకా నోటీసు మీ పేరునే ఉంటుంది, కొట్టాయన పేరున కాదు.

ఈ తగువు మనకే కాదు, అమెరికాలోనూ ఉంది. గోడబొమ్మలకు పేరుపడిన లాస్ ఏంజిలిస్ నగరంలో హోర్డింగుల కంపెనీలు, మా ప్రకటనలకు లేని వెసులుబాటు బొమ్మలకు ఎందుకని కోర్టుకెక్కాయి. ప్రకటనలను ఆపబోయి నగర పాలకులు 2002లో ప్రైవేటు గోడల మీద కొత్త బొమ్మలనే నిషేధించారు. ఆ నిషేధం తీయడానికి 2013 దాకా పట్టింది. కొత్త నిబంధనలో వాళ్లు చేసిన పని నాకు నచ్చింది. బొమ్మలో వ్యాపార సందేశం ఉండకూడదు, నగర కార్యాలయంలో నమోదు చేయించాలి, వేశాక కనీసం రెండేళ్లు ఉంచాలి. బొమ్మ బాగుందా లేదా అన్నది ఆఫీసు తేల్చదు. తేల్చకూడదు కూడా.

కొట్టాయనది చెడు బుద్ధి అనడం లేదు. ఆయనకు సాయం చేయాలని ఉంటే రంగుల మీద తగ్గింపు ఇచ్చి బిల్లు రాయమనండి. లెక్క చూడండి. బయటి గోడలకు వాడే ఎమల్షన్ లీటరు, రెండు కోట్లకు దాదాపు యాభై అరవై చదరపు అడుగులు వస్తుంది. మీ గోడకు అడుగు రంగు పద్నాలుగు పదిహేను లీటర్లు, దానికి ముందు ప్రైమరు, పైన బొమ్మకు చిన్న డబ్బాల్లో నాలుగైదు రంగులు. ఈ పనిలో పెద్ద ఖర్చు పరంజా బాడుగ, మనుషుల కూలి. ఆ పదిహేను లీటర్ల కోసం గోడను ప్రకటనల రిజిస్టరులోకి ఎక్కించుకోవద్దు. బొమ్మ కింద మీ అబ్బాయి సంతకం, సంవత్సరం ఉంటే చాలు.

‘మీ గోడ మీ ఇష్టం’ అన్న మూడో ఆయన మాట చాలావరకు నిజం. అయితే ఆ ‘మీ’ అన్నచోట ఎవరెవరున్నారో కాగితం మీద కనబడాలి. ఇల్లు ఉమ్మడి గనక మీ మరిది కూడా సంతకం పెట్టాలి. నోటిమాటగా సరేనన్నాడని ఊరుకోకండి. బహిరంగ ప్రదేశాలను పాడుచేయడం, అసభ్య పోస్టర్ల మీద మన రాష్ట్రానికి 1997 నాటి చట్టం ఒకటుంది. ఆస్తి యజమాని రాతపూర్వక సమ్మతి లేకుండా గోడ మీద ప్రకటనలు అంటించడం, రాయడం దాని కింద నేరం. మీది ప్రకటన కాదు నిజమే. అయినా పోలీసుకు ఎవరో ఫోన్ చేస్తే, పరంజా మీద ఉన్న కుర్రాడి జేబులో యజమానుల సమ్మతి పత్రం ఉండటం ఎంత ధైర్యమో మీకు అప్పుడు తెలుస్తుంది. అపార్టుమెంట్లలో ఉన్న పాఠకులు ఇంకో మెట్టు ఎక్కాలి. అక్కడ బయటి గోడలు అందరి ఉమ్మడి భాగం, ఫ్లాటు మీ సొంతమైనంత మాత్రాన దాని బయటి గోడ మీ ఒక్కరిదీ కాదు. సంఘం తీర్మానం లేకుండా బ్రష్షు ముంచకండి. చంద్రగిరి కోట చుట్టుపక్కల ఉన్నవాళ్లకు కూడా ఒక మాట: కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది. దాని రాళ్ల మీద గీత గీస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అది వేరే లోకం.

ఇక ఎదురింటి పెద్దాయన. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఆయన మాటే. చట్టం లెక్కన చూస్తే భయపడాల్సింది లేదు. మతభావాలను గాయపరిచినట్టు కేసు నిలవాలంటే కావాలని, ద్వేషబుద్ధితో చేశారని చూపించాలి. పాత శిక్షాస్మృతి 295ఏ అదే చెప్పింది, 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షనూ అదే చెబుతోంది. ఊరంతా చేసుకునే జాతరను ఊరి గోడ మీద వేయడం ద్వేషం ఎట్లా అవుతుంది? ఆయన దగ్గరికి మాత్రం సెక్షన్లు తీసుకుపోకండి. స్కెచ్చు తీసుకుని పొండి. ఆయన బాధలో నిజముంది.

వీధి గోడకు ఏం జరుగుతుందో మనకు తెలుసు. అడుగున నాలుగైదు అడుగుల మేర తాంబూలం ఉమ్ములు, సైకిలు హ్యాండిలు గీతలు, రాత్రిపూట ఒంటికి పోసిన మరకలు. కొందరైతే ఉమ్మకుండా ఉండటానికే దేవుడి టైల్సు అతికిస్తారు. నాకు ఆ పద్ధతి ఎప్పుడూ నచ్చలేదు, దేవుడిని కాపలా పెట్టినట్టుంటుంది. మీ అబ్బాయికి చెప్పండి, నేల నుంచి ఆరడుగుల దాకా మనిషి బొమ్మే వద్దని. అక్కడ కలంకారీ అంచు వేయమనండి, తీగలు, మొగ్గలు, ముదురు రంగులో. చెడిపోయినా ఏడాదికొకసారి దిద్దుకోవచ్చు. వేషాలు ఆ పైన మొదలవ్వాలి.

రెండోది, తాతయ్యగుంట గంగమ్మ గుడి ముందు కట్టే విశ్వరూపం వేయవద్దు. అది ఆఖరి రోజున మట్టితో చేసి, చెంప నరికి, ఆ మట్టిని జనం ఇళ్లకు తీసుకుపోయే రూపం. ఒక్కరోజు ఉండి పోవలసింది పదేళ్లు గోడ మీద ఉంటే పెద్దాయన లాంటివాళ్ల మనసు ఒప్పుకోదు, నా మనసూ ఒప్పుకోదు. వేషాలు అట్లా కాదు. అవి వీధిలో తిరిగేవే. ఆడవాళ్లను చెరబట్టిన పాళెగాడిని వెతుక్కుంటూ అమ్మవారు మారువేషాల్లో వీధి వీధి తిరిగిందనేదే కదా కథ. ఆ వేషాలు వీధి గోడ మీదికి రావడంలో అపచారం ఏముందని నిదానంగా అడగండి. ఆయన చిన్నప్పుడు తనూ వేషం కట్టే ఉంటాడు. తిరుపతిలో ఆ వయసువాళ్లలో కట్టనివాళ్లు తక్కువ.

ఒక చిత్రకారుడికి ఇంతకన్నా ఏం కావాలి చెప్పండి. జాతర తన రంగులు తనే ఇస్తోంది. బైరాగి వేషానికి నామపు సుద్ద తెలుపు. బండ వేషానికి కుంకుమ ఎరుపు. తోటి వేషానికి బొగ్గు నలుపు. దొర వేషానికి చందనం, వేపాకు. గోడకు కావలసిన నాలుగైదు రంగులూ అక్కడే ఉన్నాయి. దానికి శ్రీకాళహస్తి కలంకారీ నల్లగీత తోడైతే ఇంకేం. బట్ట మీద ఆ నలుపు ఇనుపముక్కలు, బెల్లం నీళ్లలో నానబెట్టి తీసిన కసిమితో వస్తుంది, కరక్కాయ పట్టించిన బట్ట మీద గీత పడగానే నల్లబడుతుంది. సిమెంటు గోడ మీద కసిమి నిలవదు, అక్రిలిక్ నలుపే వాడాలి. గీత నడక మాత్రం కలం గీతలాగే ఉండనివ్వమనండి.

వేషాలు కట్టే సంప్రదాయం కైకాల వంశం వాళ్లది. మీ అబ్బాయి ఎవరిదైనా ఫొటో చూసి ముఖం పోలికలతో దించాలనుకుంటే ముందు ఆ మనిషిని అడగాలి, ఒప్పుకుంటే చిన్న కాగితం మీద రాయించుకోవాలి. అడగడం కష్టమైతే ఎవరి పోలికా రాకుండా వేయాలి. పని మొదలుపెట్టే ముందు ఒకసారి వాళ్లకు స్కెచ్చు చూపించి రమ్మనండి. ఏ వేషానికి ఏ చేతిలో ఏముంటుందో వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

చెరిపేస్తారా అని మీరు అడిగిన ప్రశ్నకు వస్తున్నాను. దీనికి ముందు నా జీవితంలో జరిగిన ఒక సంగతి చెప్పాలి.

చాలా ఏళ్ల కిందట, తిరుపతి కాదు, వేరే ఊళ్లో పనిచేస్తున్నాను. మెయిన్ రోడ్డులో ఒక ఇంటి ప్రహరీ మీద ఒక పెయింటరు చెరువు బొమ్మ వేశాడు. ఫ్లెక్సీలు రాకముందు అతను చేత్తో సినిమా బోర్డులు రాసేవాడు. ఆ పని పోయాక ఇంటివాళ్లను అడిగి, తన డబ్బులతో రంగులు కొనుక్కుని వేసుకున్న బొమ్మ అది. గట్టు మీద ఇద్దరు ఆడవాళ్లు, నీళ్లలో ఒంటికాలి కొంగ. పై నుంచి ఒక పెద్దాయన వస్తున్నారని, రోడ్డు వెంబడి గోడలన్నీ ఒకే రంగుగా కనబడాలని మాకు చెప్పారు. నోటిమాట, కాగితం లేదు. నేనే దగ్గర నిలబడి రెండు కోట్లు కొట్టించాను. రెండు వానలు పడేసరికి పైకోటు పలచబడింది. ముందు కొంగ మెడ, తర్వాత కుడిమూల అతని సంతకం బయటికొచ్చాయి. అతను ఆఫీసుకు వచ్చి గొడవ చేయలేదు. ‘సార్, ఏ కాగితం మీద చెరిపారు?’ అని అడిగాడు. నా దగ్గర కాగితం లేదు. అతని ముఖం చూడలేక ఫైలు తిప్పుతూ కూర్చున్నాను.

మీరూ అదే అడగాలి, కాకపోతే చెరపకముందే అడగాలి. ప్రభుత్వ గోడ మీద బొమ్మను ఆ ఆఫీసు ఎప్పుడైనా తీసేయగలదు, మీ వీధి చివర పిల్లల బొమ్మలకు జరిగింది అదే. మీ సొంత గోడ సంగతి వేరు. అది ఏ చట్టానికి, ఏ సెక్షనుకు అడ్డమో చెప్పి, నోటీసు ఇచ్చి, మీ జవాబు విని, ఆ తర్వాత రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వాలి. ఇవేవీ లేకుండా రంగు డబ్బాతో మనుషులు వస్తే గేటు తీయవలసిన పని లేదు. ఉత్తర్వు చూపించమని మర్యాదగా అడగండి, ఫొటోలు తీసుకోండి, వచ్చినవాళ్ల పేరు, హోదా రాసుకోండి. ప్రభుత్వం తన సొంత గోడల మీద కూడా ఇష్టారాజ్యంగా రంగులు వేయలేదని కోర్టులు చెప్పిన ఉదాహరణ మన రాష్ట్రంలోనే ఉంది. పంచాయతీ భవనాలకు వేసిన పార్టీ రంగులు తీసేయాలని 2020లో హైకోర్టు చెబితే, సుప్రీంకోర్టు కూడా దాన్నే నిలబెట్టింది.

ఎన్నికలప్పుడు మాత్రం కొంచెం కనిపెట్టుకుని ఉండండి. కోడ్ రాగానే రాజకీయ రాతలను ప్రభుత్వ ఆస్తుల మీద 24 గంటల్లో, బహిరంగ స్థలాల్లో 48 గంటల్లో, ప్రైవేటు గోడల మీద అనుమతి లేనివాటిని 72 గంటల్లో తీసేయాలి. ఆ హడావిడిలో సిబ్బంది తేడా చూడరు. బొమ్మలో ఎక్కడా పార్టీ గుర్తులా కనబడేది లేకుండా చూసుకోండి, జెండా రంగుల జోడింపు కూడా. మీ గోడ కింద ఎవరైనా నినాదం రాసిపోతే ఆ రోజే తుడిపించండి. లేకపోతే నినాదంతో పాటు బైరాగి కూడా పోతాడు.

నేను మీ చోట ఉంటే పని మొదలుపెట్టకముందు కమిషనర్ పేరున ఒక పేజీ ఉత్తరం రాస్తాను. అందులో ‘అనుమతి కోరుతున్నాను’ అన్న మాట ఉండదు. ‘తెలియజేస్తున్నాను’ అని ఉంటుంది. ఆ తేడా చిన్నది కాదు. అనుమతి అడిగితే ఫారం లేని పని గనక ఎవరూ సంతకం పెట్టరు, ఫైలు పండుకుంటుంది, మీరు వేచి ఉన్నట్టే లెక్క. తెలియజేస్తే బంతి వాళ్ల వైపు ఉంటుంది. ఉత్తరంలో ఇంటి నంబరు, గోడ కొలతలు, ఇద్దరు యజమానుల సమ్మతి, బొమ్మ విషయం రాయండి. ఇందులో ఏ సంస్థ పేరూ, గుర్తూ, ప్రకటనా లేదని, గోడ దాటి వచ్చే నిర్మాణం లేదని, రోడ్డు మీద పరంజా ఫలానా రోజుల్లో ఇంత మేర ఉంటుందని రాయండి. స్కెచ్చు, గోడ ఇప్పటి ఫొటో జతచేయండి. ఒక ప్రతి మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. రెండో ప్రతి వార్డు ప్లానింగ్ సెక్రటరీకి ఇచ్చి అక్కడా సంతకం తీసుకోండి. ఎవరైనా నోటితో అభ్యంతరం చెబితే, అదే రాసి ఇమ్మనండి. రాసివ్వకపోతే సోమవారం గ్రీవెన్సులో అర్జీ పెట్టండి, లేదా పది రూపాయలు కట్టి సమాచార హక్కు దరఖాస్తులో ‘ప్రైవేటు గోడ మీద ప్రకటన కాని చిత్రానికి అనుమతి కావాలని చెప్పే నిబంధన ప్రతి ఇవ్వండి’ అని అడగండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. చాలాసార్లు ఆ దరఖాస్తుతోనే నోటి అభ్యంతరాలు ఆగిపోతాయి.

ఇంత చుట్టూ తిరగవలసి రావడం నాకు బాధగానే ఉంది. ఒక కార్పొరేషన్ ఒక పేజీ నిబంధన రాసుకుంటే సరిపోయే పని ఇది. ప్రకటన లేకపోతే ఫీజు లేదు, యజమాని సమ్మతి, ఒక ఫొటో, ఒక నమోదు నంబరు, చెరపాలంటే ఇన్ని రోజుల నోటీసు. హైదరాబాద్ ఖైరతాబాద్ పక్కన ఎం.ఎస్. మక్తాలో ఇళ్ల గోడలకు గోడలే బొమ్మలయ్యాయి, జనం చూడటానికి వెళుతున్నారు. జాతరకు ఊళ్లకు ఊళ్లు దిగే తిరుపతిలో అట్లాంటి వీధి ఒకటి ఎందుకు ఉండకూడదు? మీ వీధి పిల్లల గోడ సంగతి కూడా వదలకండి. మళ్లీ వేయించేటప్పుడు బడివాళ్లను, ఆ గోడ ఏ ఆఫీసుదో వాళ్ల దగ్గర ఎన్నేళ్లు ఉంచుతారో రాయించుకుని మొదలుపెట్టమనండి.

మీరు అడగని సంగతి ఒకటుంది, మీ అబ్బాయికీ మీకూ మధ్య కాగితం. సొంతవాళ్లే కదా అనుకోకండి. 1957 నాటి కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం బొమ్మ ఎవరి చేతిలో ఉన్నా, అది తనదని చెప్పుకునే హక్కు, తన పేరు చెడేలా దాన్ని పాడుచేస్తే అడిగే హక్కు వేసినవాడికే ఉంటాయి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడ మీద అమర్‌నాథ్ సెహగల్ చేసిన పెద్ద కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఊడదీసి గోదాములో పడేశారు. ఆయన కోర్టుకు వెళ్లాడు. 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలను ఆయనకు ఇచ్చేయమని, అయిదు లక్షలు పరిహారం కట్టమని కేంద్ర ప్రభుత్వానికి చెప్పింది. ప్రభుత్వం డబ్బిచ్చి చేయించుకున్న శిల్పమే అది. మీరు డబ్బిచ్చి వేయించుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే ప్రతులు తీసుకునే హక్కు మీదవుతుంది. ఊరికే వేస్తే అతనిదే. రేపు ఎవరైనా ఆ బొమ్మను క్యాలెండరు మీద అచ్చేస్తామని వస్తే మాటామాటా రాకుండా ఇప్పుడే రాసుకోండి. ఎన్నేళ్లు ఉంచుతారు, వెలిస్తే ఎవరు దిద్దుతారు, ఇంటిని మార్చవలసి వస్తే ఎన్ని రోజుల ముందు అతనికి చెబుతారు, ఈ మూడూ తప్పకుండా ఉండాలి.

పరంజా కట్టే రోజు కరెంటు తీగలు చూడకుండా ఒక్క వెదురూ నిలబెట్టనీయకండి. 11 కేవీ లైనుకూ ఇంటి గోడకూ మధ్య అడ్డంగా కనీసం 1.2 మీటర్లు, అంటే నాలుగడుగులు ఉండాలి. ఇల్లు సరిగా ఉన్నా పరంజా గోడ నుంచి మూడడుగులు ముందుకు వస్తుంది. అప్పుడు మిగిలేది అడుగే. తడి వెదురు, ఇనుప పైపు రెండూ ప్రమాదమే. మీ సెక్షన్ ఆఫీసులో విద్యుత్ సంస్థ వాళ్లకు రాసిచ్చి, పరంజా కట్టేటప్పుడూ విప్పేటప్పుడూ ఎల్‌సీ, అంటే ఆ కాసేపు లైనులో కరెంటు ఆపే ‘లైన్ క్లియర్’, తీసుకోండి. పరంజా కాళ్లు పక్కింటి స్థలంలో దిగాల్సివస్తే వాళ్లనూ అడగండి.

గోడ చెమ్మ కూడా చూడండి. పై ట్యాంకు పైపు ఆ గోడ వెంబడే దిగుతుంటే ఎక్కడైనా కారుతోందేమో ప్లంబరుతో చూపించి ఆ తర్వాతే పుట్టీ పట్టండి. ఎక్కడైనా కొత్త పూత పూసి ఉంటే 28 రోజులు ఆరనివ్వండి. మనకు పెద్దవానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి, 2021 నవంబరు వరదలు కొర్లగుంట వాళ్లకు చెప్పనక్కర్లేదు. అందుకని సంక్రాంతి పోయాక పరంజా ఎత్తండి. పడమటి గోడ గనక మధ్యాహ్నం రెండు నుంచి ఎండ నేరుగా కొడుతుంది, రంగు పొక్కులు వస్తుంది. పని పొద్దున్నే మొదలుపెట్టి పన్నెండుకల్లా ఆపమనండి. ఫిబ్రవరి, మార్చి సరిపోతాయి. మే నెలలో జాతర చాటింపు వేసే నాటికి గోడ సిద్ధంగా ఉంటుంది.

ఈలోపు మరిది సంతకం, పెద్దాయన ఇంటికి పోవడం, కమిషనర్‌కు ఉత్తరం, ఈ మూడూ డిసెంబరు లోపలే ముగించండి. ఉత్తరం రాశాక, స్కెచ్చుతో కలిపి నాకు ఒక ప్రతి పంపండి. ప్రకటన అనిపించేది ఏ మూలన ఉన్నా గుర్తు పెట్టి తిప్పి పంపుతాను.